లవంలో జనం, హారంలో నేల

ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తొమ్మిదో తరగతి పిల్లల చేత జనసాంద్రతలు కట్టిస్తున్నాను. బోర్డు మీద ఏడెనిమిది దేశాల జనాభా, వైశాల్యం రాశాను. చివర్న, దేశం కాకపోయినా సరదాకి, అంటార్కిటికాను కూడా తగిలించాను. చలికాలంలో అక్కడి పరిశోధన కేంద్రాల్లో ఉండిపోయేవాళ్లు సుమారు వెయ్యి మంది. మన మైత్రి, భారతి కేంద్రాలవాళ్లూ అందులో ఉంటారు. ఖండం వైశాల్యం సుమారు కోటీ నలభై లక్షల చదరపు కిలోమీటర్లు. పిల్లల దగ్గర క్యాలిక్యులేటర్లు లేవు గనక నా ఫోనే చేతులు మారుతోంది.

వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచింది. "మాస్టారూ, మంగోలియాలో చదరపు కిలోమీటరుకి ఇద్దరే వచ్చారు. అంటార్కిటికాలో ఏడుగురు వచ్చారు. మంచులో అంతమంది ఎందుకున్నారు?"

ఫోను తెప్పించి చూశాను. తెర మీద 7.142857143ఈ-5 అని ఉంది.

"చివర ఆ 'ఈ' ఏంటమ్మా?"

"ఎర్రర్ అనుకున్నా మాస్టారూ. వదిలేశా."

ఆ పిల్లని తప్పు పట్టలేం. ఫోను కూడా ఆ అక్షరాన్ని తోక తగిలించినట్టు చివర్న పడేస్తుంది, అసలు సంగతంతా ఆ తోకలోనే ఉన్నా. 'ఈ-5' అంటే పది ఘాతం మైనస్ అయిదు. దశాంశ బిందువుని ఎడమకి అయిదు స్థానాలు జరపమని అర్థం. జరిపితే 7.14 కాస్తా 0.0000714 అవుతుంది. తోక వదిలేసినందుకు జవాబు లక్ష రెట్లు ఉబ్బిపోయింది.

0.0000714 మంది అంటే మాత్రం ఏం అర్థమవుతుంది? మనిషిలో అంత చిన్న ముక్కని ఊహించుకోవడం కష్టం. అందుకని లెక్కని తలకిందులు చేయించాను. కిలోమీటరుకి ఎంతమంది అని కాకుండా మనిషికి ఎన్ని కిలోమీటర్లు అని. మనిషికి పద్నాలుగు వేల చదరపు కిలోమీటర్లు వచ్చింది. ఉమ్మడి నల్గొండ జిల్లా వైశాల్యం 14,240. అంటే ఆ జిల్లా మొత్తానికి ఒక్క మనిషి కాపలా. అదే జిల్లాలో 2011 జనగణన నాటికి దాదాపు 35 లక్షల మంది ఉన్నారని చెబితే క్లాసంతా నవ్వులే.

ఆ తోకకి బడి పుస్తకంలో పేరు ప్రామాణిక రూపం. శాస్త్రీయ సంకేతం అని కూడా అంటారు. ఎంత పెద్ద సంఖ్యనైనా, ఎంత చిన్న సంఖ్యనైనా రెండు ముక్కలుగా రాస్తాం. ముందు భాగం ఒకటికి తక్కువ కాకుండా, పదికి లోపు ఉండాలి. రెండో భాగం పది ఘాతం ఏదో ఒకటి. భారతదేశ జనాభా 2011లో 121 కోట్ల చిల్లర. దాన్ని 1.21×10⁹ అని రాస్తాం. గ్రీన్‌లాండ్ జనాభా 56 వేలు, అంటే 5.6×10⁴. నియమం ఇంతే. దీన్ని నేర్చుకోవడానికి పావుగంట చాలు. చేతికి అలవాటు కావడానికి మాత్రం పది లెక్కలైనా చేయాలి.

పెద్ద సంఖ్యలకి మనకి పేర్లు లేక ఈ పద్ధతి రాలేదు. తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు గణితసార సంగ్రహంలో ఏకం నుంచి మహాక్షోభం దాకా 24 స్థానాలకి పేర్లు పెట్టాడు. మహాక్షోభం అంటే 10²³. ఆ గ్రంథాన్ని పదకొండో శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగు చేశాడు. చదరంగం గళ్లలో గింజలు ఒక్కో గడికీ రెట్టింపు చేసుకుంటూ పోతే చివరికి ఎన్నవుతాయో చెప్పే పద్యం ఒకటి ఆయన పేరున ప్రసిద్ధం. ఇరవై అంకెల సంఖ్య అది. ఒక్క అంకె పొల్లుపోకుండా ఛందస్సులో ఇమిడిపోయింది. మన సంకేతంలో రాస్తే 1.8×10¹⁹. పద్యంలో ఉన్న అందం ఇందులో లేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ పద్యంతో భాగహారం చేయడం కష్టం.

మనకి అంతకంటే రోజువారీ ఇబ్బంది ఇంకొకటుంది. మనం లక్షల్లో, కోట్లలో లెక్కిస్తాం. ఐక్యరాజ్యసమితి నివేదికలు మిలియన్లలో, బిలియన్లలో వస్తాయి. మిలియన్ అంటే పది లక్షలు, బిలియన్ అంటే వంద కోట్లు. అనువాదం చేసేవాడు రాత్రి పదకొండింటికి నిద్రమత్తులో ఉంటే 17 మిలియన్లు 17 కోట్లయి మర్నాడు పేపర్లో కూర్చుంటాయి. అసలైతే 1.7 కోట్లు. పత్రికల్లో పనిచేసినవాళ్లని అడగండి, ఇలాంటివి తలా నాలుగు చెబుతారు. లక్ష అంటే 10⁵, మిలియన్ అంటే 10⁶, కోటి అంటే 10⁷, బిలియన్ అంటే 10⁹. పేర్లు వేరైనా పది మీది అంకె అందరికీ ఒకటే.

ఇక జనసాంద్రత. లవంలో జనం, హారంలో నేల. భాగిస్తే చదరపు కిలోమీటరుకి ఇంతమంది అని వస్తుంది. ప్రామాణిక రూపంలో రాసుకుంటే ఈ భాగహారం సగం తీసివేతగా మారిపోతుంది. ముందు భాగాలని భాగించాలి, ఘాతాంకాలని తీసివేయాలి.

బంగ్లాదేశ్‌నీ రష్యానీ పక్కపక్కన పెడదాం. ఈ జంటని నేను కావాలనే ఎంచుకుంటాను. ఎందుకంటే ఎక్కడ ఎక్కువ జనం ఉన్నారని అడిగితే పెద్దవాళ్లు కూడా తడుముకోకుండా రష్యా అంటారు. 2022 జనగణనలో సవరించిన లెక్క ప్రకారం బంగ్లాదేశ్ జనాభా దాదాపు 17 కోట్లు. రష్యాలో సుమారు 14.4 కోట్లు. ఆ నేలకీ ఈ నేలకీ పోలికే లేదు.

బంగ్లాదేశ్: 1.70×10⁸ ÷ 1.48×10⁵. పైన ఎనిమిది, కింద అయిదు, మిగిలింది మూడు. 1.70ని 1.48తో భాగిస్తే 1.15. జవాబు 1.15×10³, అంటే చదరపు కిలోమీటరుకి 1,150 మంది.

రష్యా: 1.44×10⁸ ÷ 1.71×10⁷. ఎనిమిదిలోంచి ఏడు పోతే ఒకటి. 1.44ని 1.71తో భాగిస్తే 0.84. జవాబు 0.84×10¹. ముందు భాగం ఒకటి కంటే తగ్గింది కాబట్టి బిందువుని ఒక స్థానం కుడికి జరిపి, ఘాతాంకంలో ఒకటి తగ్గించాలి. 8.4×10⁰. పది ఘాతం సున్నా అంటే ఒకటే, కాబట్టి ఎనిమిదిన్నర మంది కూడా లేరు.

ఒకచోట 10³, మరోచోట 10⁰. ముందు భాగాలు చూడకముందే కథ తెలిసిపోయింది. లెక్క కట్టి చూస్తే దాదాపు 137 రెట్లు తేడా.

ఈ తేడా మనవాళ్లకి బాగా ఎక్కాలంటే సెంట్లలోకి దించాలి. చదరపు కిలోమీటరు అంటే 247 ఎకరాలు. దేశంలో ఉన్న నేలంతా, నదులూ రోడ్లూ కొండలూ కలిపి, తలా ఇంత అని పంచేస్తే బంగ్లాదేశ్‌లో మనిషికి ఇరవై ఒక్క సెంట్ల పైచిలుకు వస్తుంది. రష్యాలో 29 ఎకరాలు. మన దేశంలో, 2011 లెక్కన, 65 సెంట్లు. తెలంగాణ కొలతలో చెప్పాలంటే 26 గుంటలు. హైదరాబాద్ జిల్లాలో ఇదే పంపకం గజాల్లోకి దిగిపోతుంది, తలా 66 గజాలు. అందులో హుస్సేన్ సాగర్ నీళ్ల వాటా కూడా ఉంది.

హైదరాబాద్ జిల్లా మాట వచ్చింది కాబట్టి ఒక పొరుగుని పరిచయం చేస్తాను. మధ్యధరా తీరాన మొనాకో అనే బుల్లి రాజ్యం ఉంది. కోటీశ్వరుల ఊరు. సముద్రాన్ని పూడ్చి ఈ మధ్య మరో ఆరు హెక్టార్లు కలుపుకున్నాక కూడా దాని వైశాల్యం సుమారు 2.1 చదరపు కిలోమీటర్లు. జనం 38 వేలు. 3.8×10⁴ ÷ 2.1×10⁰ = 1.8×10⁴. హైదరాబాద్ జిల్లా 2011లో: 3.94×10⁶ ÷ 2.17×10² = 1.82×10⁴. ప్రపంచంలోని అతి కిక్కిరిసిన దేశాల జాబితాలో మొనాకోకి ఎప్పుడూ పైవరసే. మన పాతబస్తీ, ముషీరాబాద్, సికింద్రాబాద్ ఉన్న జిల్లా దాని పక్కనే దర్జాగా కూర్చుంటుంది. రెండు చోట్లా ఒకే తీరున బతుకుతున్నారని మాత్రం ఎవరూ అనరు. సాంద్రతకి మేడలు తెలియవు, నేల మాత్రమే తెలుసు.

పైగా ఆ అంకె ఎక్కడ గీత గీశామన్నదాన్ని బట్టి మారిపోతుంది. జిల్లా హద్దు వదిలి, అప్పటి గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ పరిధి మొత్తం తీసుకుంటే సుమారు 67 లక్షల మంది, 650 చదరపు కిలోమీటర్లు. 1.03×10⁴. అదే సంవత్సరం, అదే ఊరు. ఒక్క మనిషి కూడా కదల్లేదు, సాంద్రత మాత్రం సగానికి దగ్గరగా పడిపోయింది.

మళ్లీ ఆ క్లాసుకి వస్తాను. లెక్కలయ్యాక, "బోర్డు మీద గీతలు గీసి చూపిద్దామా మాస్టారూ, ఏ దేశానికి ఎంత పొడుగో?" అని ఒకడు ఉత్సాహపడ్డాడు. సరే, గ్రీన్‌లాండ్‌తో మొదలుపెట్టు అన్నాను. గ్రీన్‌లాండ్ డెన్మార్క్ కింద స్వయంపాలన ఉన్న ద్వీపం. 5.6×10⁴ ÷ 2.17×10⁶. నాలుగులోంచి ఆరు పోతే మైనస్ రెండు. 2.6×10⁻², అంటే 0.026. దానికి మిల్లీమీటరు గీత గీశాడు. అదే కొలతన మొనాకోకి ఎంత పొడుగు గీయాలో కట్టమన్నాను. 1.8×10⁴ని 2.6×10⁻²తో భాగించాలి. నాలుగులోంచి మైనస్ రెండు తీసేస్తే ఆరు. ఇక్కడే సగం క్లాసు రెండు అంటుంది, మిగతా సగం ఆరు అంటుంది. జవాబు సుమారు 6.9×10⁵ మిల్లీమీటర్లు. అంటే 690 మీటర్లు. సుద్దముక్క పట్టుకుని వాడు తలుపు వైపు చూశాడు. బడి గేటు దాటి బస్టాపు దాకా పోవాలి మరి.

అప్పుడు నిచ్చెన వేశాం. ఘాతాంకానికి ఒక జాన చొప్పున. అట్టడుగున మైనస్ అయిదు దగ్గర అంటార్కిటికా. చాలా పైన, మైనస్ రెండు దగ్గర గ్రీన్‌లాండ్. సున్నా మెట్టు మీద మంగోలియా, ఆస్ట్రేలియా, కెనడా, రష్యా. ఒకటో మెట్టు మీద అమెరికా. ప్రపంచం సగటు కూడా ఆ మెట్టు మీదే: 8.1×10⁹ ÷ 1.49×10⁸, అంటే 54. రెండో మెట్టు మీద చైనా, భారతదేశం. మూడో మెట్టు మీద బంగ్లాదేశ్, సింగపూర్. నాలుగో మెట్టు మీద మొనాకో, మకావ్. అంతా బోర్డు మీదే పట్టేసింది. ఒక మెట్టు పైకెక్కితే పదింతలు. భూకంప తీవ్రతలు, శబ్దం డెసిబెల్స్ కొలిచే స్కేళ్లు కూడా ఈ కుటుంబానివే, ఒక్కో మెట్టుకి రెట్లు పెరిగేవి.

మెట్టు చూసి మోసపోవడం కూడా తేలికే. 2011లో కేరళ సాంద్రత 860, పశ్చిమ బెంగాల్ 1,028. ఒకటి 8.6×10², మరొకటి 1.03×10³. మెట్లు వేరు, తేడా మాత్రం అయిదో వంతు. అటు బంగ్లాదేశ్ 1.15×10³, సింగపూర్ 8.2×10³. ఇద్దరూ ఒకే మెట్టు మీద ఉన్నారు, తేడా ఏడు రెట్లు. ఘాతాంకం ఏ వీధో చెబుతుంది. ఇంటి నంబరు ముందు భాగంలో ఉంటుంది.

ముందు భాగంలో ఎన్ని అంకెలు రాయాలన్నదీ తేల్చుకోవాలి. 2011 జనగణన తుది లెక్క 121,08,54,977. చివరి 977 చూస్తే ఎంత నమ్మకంగా అనిపిస్తుందో! కానీ ఈ దేశంలో నిమిషానికి నలభై మందికి పైగా పుడుతుంటారు, ఈ పేరా చదివేలోపే ఆ చివరి రెండంకెలు మారిపోతాయి. అంతకంటే పెద్ద విషయం ఇంకొకటుంది. లెక్కింపు అయ్యాక జనగణన శాఖ తనను తాను పరీక్షించుకోవడానికి ఒక సర్వే చేస్తుంది. 2011లో వెయ్యికి 23 మంది లెక్కలోకి రాలేదని ఆ సర్వే తేల్చింది. 121 కోట్లకి అది 2.8×10⁷. దాదాపు ఆస్ట్రేలియా జనాభా అంత! ఆ సంగతి ప్రభుత్వమే దాచకుండా చెప్పింది, మెచ్చుకోవాలి. మనం మాత్రం ఇంకా 977 దగ్గర వేలాడుతున్నాం. 1.21×10⁹ అని రాసేసరికి, నాకు ఇంతవరకే తెలుసు అని ఒప్పుకున్నట్టవుతుంది. ఈ రాత పద్ధతిలో నాకు బాగా నచ్చే గుణం అదే.

ఇప్పుడు మన దేశం లెక్క. జనాభా 1.21×10⁹. వైశాల్యం ప్రతి బడి పుస్తకంలోనూ ఉండేదే, 32,87,263 చదరపు కిలోమీటర్లు, అంటే 3.29×10⁶. తొమ్మిదిలోంచి ఆరు పోతే మూడు, 1.21ని 3.29తో భాగిస్తే 0.368. జవాబు 368. కానీ జనగణన పుస్తకంలో అచ్చయిన సాంద్రత 382. పోటీ పరీక్షలకి బట్టీ పట్టేదీ అదే. ఈ రెండు అంకెలూ ఒకే గైడులో, పక్కపక్క పేజీల్లో నేను చూశాను. భాగించి చూసినవాడు ఒక్కడూ లేనట్టుంది.

లవంలో తప్పేమీ లేదు. తేడా హారంలో ఉంది. జమ్మూ కశ్మీర్‌లో పాకిస్థాన్, చైనాల ఆక్రమణలో ఉన్న 1,20,849 చదరపు కిలోమీటర్లు మన వైశాల్యంలో ఉన్నాయి, అక్కడి జనం మన లెక్కింపులో లేరు. వెళ్లి లెక్కపెట్టలేని నేలని హారంలో పెట్టడం న్యాయం కాదు కనక జనగణన శాఖ దాన్ని తీసేసి భాగించింది. మిగిలింది 3.17×10⁶. ఇప్పుడు భాగించండి, 382 వస్తుంది.

హారంతో ఆడుకున్న దేశాల్లో సింగపూర్‌ది నాకు ఇష్టమైన కథ. 1960ల్లో దాని వైశాల్యం సుమారు 580 చదరపు కిలోమీటర్లు. అప్పటినుంచి సముద్రంలో ఇసుక పోస్తూనే ఉన్నారు. పొరుగు దేశాల నుంచి ఎంత ఇసుక తెచ్చుకున్నారంటే, 2007లో ఇండోనేషియా ఇక ఇసుక అమ్మేది లేదని నిషేధం పెట్టింది. ఇప్పుడు వైశాల్యం 736 దాకా వచ్చింది. 2024లో జనాభా 6.04×10⁶. పాత నేలతో భాగిస్తే 1.04×10⁴, కొత్త నేలతో భాగిస్తే 8.2×10³. ఇసుక పోసి ఒక ఘాతాంకం దిగిపోయింది! ప్రపంచంలో ఇంకెవరైనా ఇలా దిగారేమో నాకు తట్టడం లేదు.

ఈజిప్టు దీనికి తిరగేసిన కథ. జనాభా సుమారు 10.7 కోట్లు, వైశాల్యం పది లక్షల చదరపు కిలోమీటర్లు. 1.07×10⁸ ÷ 1.0×10⁶ = 1.07×10². మన దేశంలో మూడో వంతు కూడా లేదు, హాయిగా బతుకుతున్నారనిపిస్తుంది. కైరోలో దిగినవాడు అలా అనడు. జనంలో నూటికి 95 మంది నైలు నది ఒడ్డున, డెల్టాలో, దేశం మొత్తంలో సుమారు ఇరవయ్యో వంతు నేల మీదే ఉంటారు. మిగతాదంతా ఎడారి. 1.0×10⁸ ÷ 5×10⁴ అని వేస్తే 2×10³. బంగ్లాదేశ్‌ని దాటిపోయింది. గ్రీన్‌లాండ్‌లోనూ అంతే, మంచు కప్పని నేల 4.1×10⁵ మాత్రమే. దానితో భాగిస్తే 2.6×10⁻² కాస్తా 1.4×10⁻¹ అవుతుంది. ఒక మెట్టు పైకి వచ్చింది. అయినా మనిషికి ఏడు చదరపు కిలోమీటర్లు.

2011 తర్వాత మన దేశంలో జనగణన జరగలేదు. అందువల్ల ఆ తర్వాతి మన సాంద్రతలన్నీ అంచనాలే, 2023లో చైనాని దాటామన్న ఐక్యరాజ్యసమితి మాటతో సహా. తర్వాతి జనగణనకి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా కేంద్ర ప్రభుత్వం 2025 జూన్‌లో ప్రకటించింది. మంచు కప్పే ప్రాంతాలకి 2026 అక్టోబరు 1. కొత్త అంకె వచ్చాక టీవీల్లో పది అంకెల సంఖ్య గిర్రున తిరుగుతుంది. మీరు మాత్రం ముందు మూడంకెలు రాసుకుని, పక్కన ×10⁹ పెట్టుకుని, ఏ నేలతో భాగించారో చూడండి. అంతవరకూ ఊరుకోవడం ఎందుకనుకుంటే మీ ఊరితో మొదలుపెట్టవచ్చు. 2011 జిల్లా జనగణన పుస్తకంలో ప్రతి గ్రామం జనాభా, హెక్టార్లలో వైశాల్యం ఉన్నాయి. హెక్టార్లని 10²తో భాగిస్తే చదరపు కిలోమీటర్లు వచ్చేస్తాయి.